గట్టు దాటే పేరు

పోయిన నెల షాద్‌నగర్‌లో ఆటో తుడుచుకుంటుండగా కోస్గి నుంచి ఫోను వచ్చింది, మా పెద్దమ్మ పోయిందని. మా అమ్మకు అక్క. ఆమెతోపాటు ఒక భాష కూడా పోయిందనుకున్నాను.

కంది చేలో కలుపు తీస్తూ ఆమె ఒక లేని రాజ్యం కథలు చెప్పేది. అందులోని పేర్లన్నీ ఆమె పుట్టించినవే, ప్రతి పేరుకూ అర్థం ఉండేది. మంత్రి పేరు జొనెకా. జొన అంటే దీపం, ఎకా అంటే ఎదురొచ్చే మనిషి. ఆమెను ఇరికిద్దామని నేనూ తరచూ దొంగపేర్లు అల్లేవాణ్ణి. ఒకసారి ఇలా అడిగాను.

"పెద్దమ్మా, మల్కీనో అంటె ఏంది?"

ఆమె చెయ్యి ఆపలేదు. "గది మనిషి పేరు గాదు బిడ్డా. మా రాజ్యంల 'మ'తోని మొదలయ్యేటియి దున్నపోతుల పేర్లు. నీకైతె సరిపోతది."

ఈ మాటలు ఎక్కడివని అడిగితే, "చెవులు లేవారా నీకు" అనేది. గడ్డిమోపు దించితే నేల చేసే 'తుం' చప్పుడే ఆమె భాషలో బరువు దించడం. పేరు చివర నోరు తెరుచుకునే ఉండాలి, మూసుకుంటే పిలుపు గట్టు దాటదు. "బంగారమని పెడితె పిల్ల ఊకె మెరుస్త కూసుంటది. పేరుల ఒక పనుండాలె" అనేది.

ఆమె పోయిన వారానికే ఆమె కూతురికి, అంటే నా చెల్లెకు, ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డకు తన భాషలో పేరు పెడతానని పెద్దమ్మ మాటిచ్చింది. పెట్టకుండానే పోయింది. తొట్టెల వేసి పేరు పెట్టే దినం దగ్గరపడింది. చెల్లె అత్తేమో ఎల్లమ్మ పేరే పెట్టాలని పట్టుబట్టింది.

"అన్నా, గిన్నేండ్లు దొంగపేర్లు జేసి మా అమ్మను సతాయిస్తివి. గిప్పుడొక్కటి అసలుది జెయ్" అంది చెల్లె.

"నేను జేస్తె దున్నపోతు పేరే అయితది."

"అయితె నిన్నే గట్ల పిలుస్త. జర మంచిగ ఆలోచించు."

పెద్దమ్మ కథల్లోని మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. చివరికి పెద్దమ్మ మాటలతోనే అల్లాను: తుమెకా. ఎదురొచ్చి బరువు దించేది.

చెల్లె అత్త మూతి తిప్పింది. "అర్థం మంచిగనే ఉంది. గని గీ పేరు లోకంల ఎవ్వరికి తెలుస్తది?"

"గట్టు దాటుతదో లేదో నువ్వే పిలిచి సూడు అత్తా" అన్నాను.

కోస్గిలో పెద్దమ్మ ఇంటి వెనక కంది చేనుకు వెళ్లాం. నేను అవతలి గట్టున నిలబడ్డాను. ఇవతలి నుంచి ఆమె గొంతెత్తి పిలిచింది. "తుమెకా..."

పేరు నా దాకా వచ్చింది. చేను నడిమధ్యన, ఏళ్లపాటు పెద్దమ్మ కథలు వింటూ ఆమెతో కలుపు తీసిన ఆడవాళ్లు తలలెత్తారు. వాళ్లలో పెద్దావిడ నడుం పట్టుకుని లేచింది. "ఏడుందే దించేటి మోపు?" అంటూ, రెండు చేతులూ ముందుకు చాపి, ఉత్త చేతులతో నిలబడ్డ చెల్లె అత్త వైపు నడిచింది.