సాంబ్రాణి పొగకు ఓర్చిన మిషను

శుక్రవారం సాయంత్రం పక్క పూలంగడిలో సాంబ్రాణి వేస్తారు. విరుదునగర్ బస్సుస్టాండు ఎదుట కాగితాలకు కాపీలు తీసే మా అంగడిలోకి ఆ పొగ నేరుగా వస్తుంది. అప్పుడే మిషనులోంచి వచ్చిన వేడి కాగితం వాసనతో అది కలిసిందంటే చాలు, కోవిల్‌పట్టిలో మా నేతవీధి కళ్ళముందుకు వచ్చేస్తుంది. ఆ వీధిలో రెంగసామి మామ. మీరు ఆయన్ను చూసి ఉండరు. బక్క మనిషి, మాట తక్కువ, చొక్కా ఏదైనా జేబు దగ్గర నల్లపొడి మరక మాత్రం ఉండాల్సిందే.

చుట్టం కాదు, ఎదురింటాయన. వరస కలిపి మామ అనేదాన్ని. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, ఇంజనీరింగు చదివి, చెన్నైలో కాపీ మిషన్లు చేసే ఒక కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేశాడు. ఆ మిషన్లు చల్లటి గదుల కోసం పుట్టినవి. మా వైపు నల్లరేగడి దుమ్ము, దూది నుసి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల పొడి. నాలుగు రోజులు తిరగకముందే కాగితం నిండా చారలు పడేవట. ఏసీ గదిలో పెట్టుకోమనండి అన్నారట కంపెనీ పెద్దలు. తలుపే లేని అంగడికి ఏసీ ఎక్కడ పెట్టేది అని మామ వాదించాడు. వాదన తెగలేదు. ఉద్యోగం వదిలేసి వచ్చి, తండ్రి మగ్గాల కొట్టంలో సొంతంగా మిషను కట్టడం మొదలుపెట్టాడు. దీపావళి లోపల ఒక్కరన్నా దాన్ని తీసుకోకపోతే కొట్టానికి తాళం వేసి మళ్ళీ చెన్నైకే పోతానని తల్లికి మాటిచ్చాడు.

నేను అప్పుడు ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలకు కాగితం అంటించేదాన్ని. చదివింది అయిదో తరగతి. నా చేతులు తొణక్కుండా పనిచేయడం చూసి, వస్తావా పనికి అని పిలిచాడు. మొదటిరోజు మిషను మూత తీయగానే నేను వెనక్కి జరిగాను.

"బయపడొద్దు పిల్లా," అన్నాడు. "తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల దగ్గర పెడితే ఏమవుతాది?"

"ఎగిరొచ్చి అంటుకుంటాయి మామా."

"అంతే తా. ఇందులో పొడి అట్లా అంటుకుంటాది, వేడికి కరిగి కాగితాన్ని పట్టుకుంటాది. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

ఆ ఒక్క మాటతో నాకు మిషనంటే భయం పోయింది. వెంట్రుకంత తీగె తుడవడం, అద్దాలు వేలిముద్ర పడకుండా పట్టుకోవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయుధపూజ నాటికి మిషను సిద్ధమైంది. మరునాడు విజయదశమి, మంచిరోజు. సాత్తూరు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ మొదలాళి, అంటే యజమాని, వచ్చి చూస్తానన్నాడు. ఆయనకు మూడు ఊళ్ళలో ఆఫీసులు. నచ్చితే మిగతావాళ్ళు కూడా ఆయన వెంటే వస్తారు. పూజ రోజు మామ తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ఆవిడ, కొట్టంలో సుత్తికీ స్క్రూడ్రైవరుకూ కూడా గంధం, కుంకుమ పెట్టింది. సాంబ్రాణి పట్టుకుని మిషను దగ్గరికి వచ్చి, సామి లోపల కూడా చూడాల కదప్పా అంది. మామ మూత ఎత్తి పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచి తండ్రి మగ్గానికి అలా చేసిన చేయి మరి. పూజలో పెట్టిన పనిముట్టును తెల్లారేదాకా ముట్టం కనుక, ఆ పూట మిషను వేసి చూసినవాళ్ళు లేరు.

మొదలాళి పొద్దున్నే వచ్చాడు. ఆయనా మాలాగే తమిళనాట తెలుగు మాట్లాడేవాడే. తన అగ్గిపెట్టె మీది నెమలి బొమ్మ ఇచ్చి కాపీ తీయమన్నాడు. వచ్చిన కాగితంలో నెమలి మంచులో తడుస్తూ నిలబడినట్టుంది. పొగలోని జిగురు అద్దాలన్నిటికీ పట్టేసింది.

"ఏమయ్యా ఇంజనీరూ, నీ మిషను ఇంగ మొగం కడుక్కోలేదా?" అన్నాడు మొదలాళి. మామ జరిగింది దాచకుండా చెప్పాడు. మొదలాళి నవ్వు ఆపేసి, మా ఆఫీసులో శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి వేస్తాము, దానికే పడుకునే మిషను నాకెందుకని కారెక్కాడు.

అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. సాంబ్రాణి వేయొద్దని మిషను మీద బోర్డు రాసి పెడదామని నేను అన్నాను.

"శుక్రవారం లేని అంగడి ఈ ఊర్లో ఏడుండాది?" అన్నాడు మామ. "ఊరితో ఏమని చెప్పేది? మిషనే మారాల."

అద్దాలన్నిటినీ ఒక పెట్టెలో బంధించాడు. పక్కన చిన్న ఫ్యాను పెట్టి, బయటి గాలిని గుడ్డలో వడగట్టి లోపలికి పంపాడు. ఆ గాలి ఎప్పుడూ సందుల్లోంచి బయటికి తోస్తూ ఉంటే, పొగ ఎదురొచ్చి దూరలేదని ఆయన లెక్క. లెక్క బాగానే ఉంది, గుడ్డే కుదరలేదు. చిక్కటి గుడ్డ వేస్తే ఫ్యాను ఆయాసపడేది. పలచటిది వేస్తే పొగ దూరేది. చివరికి మూలన మిగిలిన ఒక్క మగ్గం దులిపి, తనకు కావలసిన గుడ్డ తానే నేయడానికి కూర్చున్నాడు. మగ్గం వద్దనుకునే చదువుకు పోయిన మనిషి. అవ్వ గడపలో నిలబడి, దీనికా సామీ నిన్ను కాలేజీకి పంపింది అని ఎత్తిపొడిచింది. ఆయన నవ్వాడు కానీ మగ్గం కింది పలక తొక్కడం ఆపలేదు.

నేసిన గుడ్డ ఆగుతుందో లేదో చూడడానికి రోజూ సాయంత్రం మిషనుకు అవ్వే పొగ వేయాలి. ఆవిడ చిటికెడు వేసి ఆగేది.

"వెయ్యమ్మా. ఇంగ జాస్తిగా వెయ్యి," అనేవాడు.

దీపావళికి ముందు వచ్చిన శుక్రవారం మిషనును వ్యానులో ఎక్కించుకుని సాత్తూరు పోయాము. మొదలాళి భార్యను పిలిచి, మూత ఎత్తి, లోపల కూడా వేయమ్మా అన్నాడు మామ. ఆమె గది మసకబారేలా వేసింది. తర్వాత అదే నెమలి. ఈసారి ఈకమీద ఈక కనిపించింది. మొదలాళి కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఇక్కడే దించి పొండి అన్నాడు.

మామ ఆ కాగితం తీసుకుని వాకిట్లో ఎండకు పట్టాడు. మూల మీద బొటనవేలు పెట్టి, మొదలాళినే పిలిచి చూపించాడు. ఇక్కడ లేతగా ఉండాది, సందులో ఏడనో గాలి సరిగా తోయలేదు, తీసుకుపోయి వచ్చే వారం తెచ్చిస్తానన్నాడు. వచ్చే వారమంటే దీపావళి దాటిపోతుంది. మొదలాళి ముఖం చిట్లించి, నీ ఇష్టమయ్యా అని లోపలికి పోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఆయన సరే అన్నాడు కదా మామా. ఆయనకు ఆ మూల కండ్లకే ఆనలా."

"ఆయన చూడలా," అన్నాడు మామ తాళ్ళు బిగిస్తూ. "మనం చూసినాము కదా."

ఆ దీపావళికి అవ్వ ఆయన్ను తాళం సంగతి అడగలేదు. తర్వాతి వారం మేము మిషను దించినప్పుడు మొదలాళి దాన్ని వేసి కూడా చూడలేదు. ఇలాంటివే ఇంకో రెండు కావాలన్నాడు. మామ మళ్ళీ చెన్నైకి పోలేదు. తొమ్మిదేళ్ళు ఆ కొట్టంలోనే మిషన్లు కట్టి, ఆ కొట్టంలోనే కన్నుమూశాడు.

ఈ రోజుకూ, చాలక్కా బాగానే ఉంది, బస్సుకు టైమైందని చెయ్యి చాపే వాళ్ళు ఉంటారు. వాళ్ళ కంటికి ఆనని మసక నా కంటికి ఆనిందంటే ఆ కాగితం వాళ్ళ చేతికి పోదు. గొణుక్కుంటారు, కొందరు తిడతారు కూడా. నేను మూత తీసి అద్దం తుడిచి, మళ్ళీ వేస్తాను.