మా అత్తమ్మ జీపు మలుపుల్లో ఎందుకు పట్టేసింది

“ఈ వారం నువ్వు కూడా బండెక్కు. అమ్మ కాలు ఎక్కడ పెడుతోందో కనిపెట్టు. బ్రేకు మీద కాలు ఉంచే నడుపుతోందని నా అనుమానం,” అన్నారు మా ఆయన. కోరాపుట్ స్టేషన్లో రాయగడ రైలు కోసం నిలబడి ఉన్నాం. ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి మరీ చెప్పారు.

ఆయన ఉద్యోగం రాయగడలో. శనివారం వచ్చి ఆదివారం వెళ్లిపోతారు. నేను కోరాపుట్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను. ఊరి చివర ఇంట్లో అత్తమ్మా నేనూ ఉంటాం. ఇంటి వెనక జాగాలో అత్తమ్మ మొక్కల నర్సరీ నడుపుతుంది. మామిడి, జీడి, సిల్వర్ ఓక్, మిరియాల తీగలు. మాచ్‌ఖండ్ దారిలోని కొండ ఊళ్లకి వాటిని పాత జీపులో వేసుకుని తనే తీసుకెళ్తుంది. మామయ్యగారు మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు కాలనీలో ఉన్నప్పుడు కొన్న జీపు అది. ఆయన పోయాక అమ్మేద్దామని అందరూ అన్నారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆవిడకి అరవై దాటి చాలా ఏళ్లయింది.

అనుమానానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. మొన్న వానల్లో ఒక ఊరి బాట మీద జీపు బురదలో జారి గట్టుకి ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆ కబురు విన్నప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు. వానలు వెలిశాక జీపుని సర్వీసింగుకి తనే తీసుకెళ్లి తెచ్చారు. తెచ్చిన కొద్ది రోజులకే అత్తమ్మ మా గేటులోకి తిప్పుతూ స్తంభాన్ని గుద్దేసింది.

“బండి అదే పట్టీసింది. రేసిస్తే ఒక్క గెంతు గెంతింది. నా సేతుల్లో ఏటుంది?” అంది అత్తమ్మ.

బండి దానంతటదే పట్టేయడం ఏమిటి? మా ఆయన నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

నాకు సెలవున్న రోజు చూసి, మొక్కల బుట్టల మధ్య చోటు చేసుకుని ముందు సీట్లో కూర్చున్నాను. “నాకూ ఓసారి కొండలు చూడాలనుంది అత్తమ్మా,” అన్నాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి బండి తీసింది.

సెమిలిగుడ దాకా రోడ్డు ఇంచుమించు తిన్నగానే ఉంటుంది. బండి కాస్త బరువుగా లాగింది తప్ప తేడా తెలియలేదు. నందపూర్ దాటి ఘాటీ, అంటే కొండదారి మలుపులు మొదలయ్యేసరికి కథ మారింది. మలుపు తిరుగుతుంటే ముందు టైర్లు తారు మీద కీచుమన్నాయి. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. అత్తమ్మ రెండు చేతులతో లాగితే తప్ప వెనక్కి రాలేదు. ఒక ఇరుకు మలుపులో ఆవిడ క్లచ్చి తొక్కగానే, ఎవరో వెనక నుంచి తాడేసి పట్టుకున్నట్టు జీపు టక్కున ఆగిపోయింది. కొంచెం వెనక్కి తీసింది. అడుగున ఎక్కడో దబ్బుమని చప్పుడైంది, పట్టు వదిలింది.

అంతసేపూ నేను ఆవిడ కాళ్లే చూస్తున్నాను. బ్రేకు మీద కాలు లేదు.

అయినా నా అనుమానం పోలేదు. నేను చూస్తున్నానని తెలిసి జాగ్రత్త పడుతోందేమో అనుకున్నాను. పైగా ఊరి మట్టిబాటలోకి దిగగానే అదే జీపు పిల్లిలా మెత్తగా తిరిగింది. గుంటల్లో, ఇసుకలో, ఎక్కడా పట్టలేదు. మట్టిలో నడపగలిగిన మనిషి తారు మీద నడపలేకపోవడమేమిటి? ఎదురొచ్చే లారీలంటే భయం పట్టుకుందా?

మొక్కలు దింపి తిరిగొస్తుంటే అత్తమ్మే మాట కదిపింది.

“కాలు సరీగా కనబడతందా అమ్మీ? సీర కొంచెం పైకి తియ్యమంటావేటి?”

సిగ్గేసి చూపు ఖాళీ బుట్టల వైపు తిప్పేశాను.

“ఆడే సెప్పుంటాడు, నాకు తెల్దేటి,” అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “నా అనుమానం కూడా ఇను మరి. ఇన్నేల్లూ ఈ బండి నన్నొక్క రోజు ఇలగ ఏడిపించలేదు. ఆడు సర్వీసుకని అట్టుకెల్లి తెచ్చిన కాడి నుంచే ఇలగుంది. ముసిల్ది బండి మానేత్తాదని దీనికి ఏటో సేయించేడు.”

“అవేం మాటలు అత్తమ్మా! కన్నకొడుకు అలా చేస్తాడా?”

“కన్నకొడుకు కాబట్టే సేత్తాడు. పరాయోడికి నా మీద బయమెందుకు?”

ఆ రాత్రి ఫోనులో మా ఆయన, “ఏమైంది, చూశావా?” అని అడిగారు. చూశాను, బ్రేకు మీద కాలు లేదు అన్నాను. “సరిగా చూశావా?” అన్నారు. సర్వీసింగులో ఏం చేయించారని అడిగాను. ఒక్క క్షణం ఆగి, “ఆయిలు మార్చారు, మామూలే,” అన్నారు. ఆ ఒక్క క్షణం నా చెవిలో ఉండిపోయింది. తల్లిని అనుమానించిన మనిషిని ఇప్పుడు నేను అనుమానిస్తున్నాను.

ల్యాబులో ఒక రిజల్టు నమ్మకంగా లేకపోతే ఇంకో రకంగా పరీక్ష చేసి చూస్తాం. ఆ మాటే అత్తమ్మతో అన్నాను. “పద, సూద్దుము,” అంది.

మర్నాడు పొద్దున్నే నర్సరీలో చదునుగా ఉన్నచోట జీపు పెట్టింది. మామూలు రోడ్ల మీద ఈ జీపుని వెనక చక్రాలే నడుపుతాయి. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డుంది. అది మారిస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. అది బురదకీ ఇసుకకీ. ఆవిడ చిన్న రాడ్డుని రోడ్డు వైపే పెట్టింది. వెనక చక్రాలకి రాళ్లు అడ్డుపెట్టి, కుడివైపు ముందు చక్రాన్ని జాకీతో లేపింది.

“తిప్పు,” అంది.

గాల్లో ఉన్న చక్రం తేలిగ్గా తిరగాలి. రెండు చేతులతో లాగాను. కొంచెం కదిలి టక్కున ఆగింది.

“బ్రేకు పట్టేసిందేమో,” అన్నాను.

“అదీ సూద్దుము.” రెండో జాకీ తెచ్చి ఎడమ చక్రాన్ని కూడా లేపింది. “ఇప్పుడు తిప్పు.”

ఈసారి కుడి చక్రం హాయిగా తిరిగింది. ఎడమ చక్రం మాత్రం దానికి ఎదురు దిక్కుగా తిరగడం మొదలుపెట్టింది.

“బ్రేకు కాదమ్మీ. బ్రేకైతే ఇలగ తిరగనివ్వదు. అడుగున షాఫ్టు సూడు, తిరుగుతందా?”

వంగి చూశాను. ముందు ఇరుసుకి వెళ్లే ఇనపకడ్డీ కదలకుండా కొయ్యలా ఉంది.

“రాడ్డు రోడ్డు కాడుంటే ఆ షాఫ్టుకీ ఎనక్కీ పొత్తు ఉండకూడదు. ఇది ఎనక దాంతో కలిసే ఉంది. మలుపులో ముందు చక్రాలెక్కువ దూరం తిరగాల, ఎనకయి తక్కువ. రెండిటినీ కట్టీసి ఉంచితే ఒకదాన్నొకటి పీక్కుంటాయి. మట్టిలోనైతే చక్రం కొంచెం జారిపోతాది, తెల్దు. తారు జారనివ్వదు.”

ఆవిడ లోపలికి చేయి పెట్టి చిన్న రాడ్డుని అటూ ఇటూ ఆడించింది. మజ్జిగలో గరిటెలా బరువు లేకుండా కదిలింది. “ఇదిలగుండదు. వానలెలిసేక దీంతో పని పళ్లేదు,” అని, గోనె పరుచుకుని జీపు కింద దూరింది. కాసేపటికి నన్ను పిలిచింది.

రాడ్డుని లోపలి గేరుతో కలిపే లింకు ఊడదీసి ఉంది. దాని కొస వేలాడకుండా పక్కకి లాగి, ఛాసిస్‌కి తీగెతో కట్టి ఉంది. చుట్టూ ఏళ్లనాటి ఆయిలు, మురికి. తీగె మాత్రం కొత్తది, మెరుస్తోంది.

“ఎలక కొరికిందేటి ఇది?” అంది అత్తమ్మ. “ఎవడో ముడేసేడు.”

వెంటనే ఫోను చేద్దామన్నాను. వద్దంది. జవాబు సిద్ధం చేసుకోవడానికి వ్యవధి ఇవ్వకూడదని ఆవిడ పట్టు. ఆ తీగె అలాగే ఉంచేసింది, ఘాటీ వైపు మాత్రం బండి తియ్యలేదు. ఆ వారమంతా సాయంత్రం ఫోను మోగితే, “అమ్మ బాగానే నడుపుతోంది,” అని మాత్రం చెప్పి, ఆయన ఏమంటారో చెవి ఒగ్గి వినేదాన్ని. ఆయన గొంతులో దాపరికం ఉందో, నాకే అలా వినబడుతోందో తెలిసేది కాదు.

శనివారం ఆయన రైలు వేళకి అత్తమ్మా నేనూ జీపు మీద స్టేషన్‌కి వెళ్లాం. అత్తమ్మ దిగి తాళం కొడుకు చేతిలో పెట్టింది.

“నువ్వే నడుపు.”

ఆయనకేమీ అర్థం కాలేదు. కూర్చుని బండి తీశారు. స్టేషన్ ముందు మలుపు తిప్పేసరికి టైర్లు కీచుమన్నాయి, స్టీరింగు బిగుసుకుంది, జీపు నిలబడిపోయింది. వెనక ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఆయన నుదుటికి చెమట పట్టింది.

“బ్రేకు మీంచి కాలు తియ్యరా బాబూ,” అంది అత్తమ్మ వెనక సీట్లోంచి.

“కాలు బ్రేకు మీద లేదమ్మా!”

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన వంగి తన కాళ్ల వైపు చూసుకున్నారు.

ఇంటికొచ్చాక తనే చెప్పారు. ముందు చక్రాలు లాగకుండా చేసేయమని సర్వీసింగు షెడ్డులో మేస్త్రీతో అన్నది ఆయనే. నాలుగు చక్రాలూ లాగకపోతే తల్లి తారు రోడ్డు దిగదని, కొండబాటలు మానేస్తుందని ఆలోచన. మేస్త్రీ లింకు తీసి తీగెతో కట్టేశాడు. కట్టేటప్పటికి లోపలి గేరు ఎటువైపు ఉండిపోయిందో చూడలేదు. ముందు చక్రాలు వెనకవాటి నుంచి విడిపోవాల్సింది పోయి, శాశ్వతంగా కలిసిపోయాయి. ఆ పట్టులోనే జీపు స్తంభాన్ని గుద్దింది. అది చూసి ఈయన తల్లి పని అయిపోయిందని నిర్ణయించుకున్నారు.

“నాతో సెప్తే నానేటనీదాన్ని? రెండు తిట్లు తిట్టీదాన్ని,” అంది అత్తమ్మ. “ఆ రెండు తిట్లకి బయపడి బండి కాలిరిసీసేవు. ఘాటీలో ఎవులైనా ఎదురొచ్చుంటే?”

ఆయన చొక్కా మార్చుకుని జీపు కింద పడుకుని, ఆవిడ చెబుతుంటే తీగె కోసి లింకు బిగించారు. చక్రం లేపి చూస్తే ఒంటి చేత్తో తిరిగింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. భోజనాలయ్యాక, కంచం ముందు చేయి ఎండబెట్టుకుంటూ అత్తమ్మ అంది:

“బండి గెంతింది నిజమే. కానీ ఆ స్తంబం నాకు సరీగా కనబల్లేదు. అదీ నిజమే. ఎడం కన్ను మసకేత్తంది, వానల కాడి నుంచీ.”

మా ఆయన నా వైపు చూశారు. నేనూ ఆయన వైపు చూశాను. ఎవరి అనుమానం నిజమైనట్టు?

సోమవారం నేనే మా ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరిందన్నారు. ఆపరేషన్ అయింది. డాక్టరు నడపొచ్చు అనేదాకా ఆవిడ తాళం ముట్టుకోలేదు. మా ఆయన సెలవులు పెట్టి మొక్కలు తనే చేరవేశారు. దారి పక్క ఊళ్లవాళ్లకి అత్తమ్మ మావుసి, అంటే పిన్ని. వాళ్లు “మావుసి ఏది, మావుసి ఏది” అని అడుగుతుంటే చెప్పిందే చెప్పి అలిసిపోయారు.

ఇప్పుడు మళ్లీ ఆవిడే నడుపుతోంది. కాకపోతే పొద్దున బండి తీసే ముందు, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మోకాళ్ల మీద వంగి జీపు అడుగున ఒకసారి చూసుకుంటుంది. ఇదివరకు ఆ అలవాటు లేదు. మా ఆయన ఆ సమయానికి వాకిట్లో ఉంటే లోపలికి వెళ్లిపోతారు.