వీధి అవతలి అక్షరం

బోర్డు బాబాయి పనిచేసే తీరు ఊరంతటికీ తెలుసు. నిచ్చెన మీద నిలబడి ఒక అక్షరం పూర్తి చేస్తాడు. దిగి, బ్రష్షు చెవి మీద దోపుకుని, రోడ్డు దాటి అవతలి గట్టున నిలబడి ఒక కన్ను మూసి చూస్తాడు. నచ్చితే వెనక్కొచ్చి రెండో అక్షరం మొదలుపెడతాడు. పొడుగు పేర్ల దుకాణాలకు బోర్డులు రాసిన రోజుల్లో ఆయన నడక పక్కూరికి వెళ్లొచ్చినంత అయ్యేదని, అందుకే ఆయనకు పొట్ట రాలేదని భార్య అంటుంది. రావలసిన పొట్టంతా అక్షరాలకు వచ్చిందని కూడా అంటుంది.

అదీ నిజమే. ఆ అక్షరాలు ఆయన సొంతంగా కల్పించుకున్నవి. నిలువు గీత తలుపు చెక్కంత లావు, అడ్డగీత మీసం వెంట్రుకంత సన్నం. ప్రతి గీత చివరా బూటు తొడిగినట్టు అటూ ఇటూ చాచిన చిన్న పాదం. పాదాలు లేని అక్షరాన్ని చూస్తే అదెక్కడ జారిపడుతుందోనని ఆయనకు బెంగ. బొమ్మల కొట్టుకూ ఆ అక్షరాలే, పళ్ల డాక్టరుకూ ఆ అక్షరాలే. ఆ బోర్డు చూసి పిల్లలు ఆస్పత్రి గుమ్మం తొక్కడం లేదని డాక్టరు మొత్తుకుంటే, వాళ్లంతా భయంతో రెండు పూటలా పళ్లు తోముకుంటున్నారని బాబాయి సర్దిచెప్పాడు.

తర్వాత ఊళ్లోకి బోర్డులు అచ్చువేసే మిషన్లు వచ్చాయి. బాబాయి బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి. బొమ్మల కొట్టు బోర్డు దించిన రోజు ఆయన అన్నం సగంలో లేచాడు. తనకంటే ముందు తన అక్షరం పోతుందన్నదే ఆయన దిగులు. అది చూడలేక, సాయంకాలం పేపర్లో పేజీలు తయారుచేసే కూతురు, తండ్రి అక్షరాలన్నిటికీ ఫోటోలు తీసి, ఆర్నెల్లు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించి ఫాంటుగా మార్చింది. ఎడిటరు గారిని బతిమాలి ఒప్పించింది. వారం రోజులు శీర్షికలన్నీ ఆ అక్షరంలోనే. పాఠకులు మెచ్చితే ఉంటుంది, లేకపోతే పోతుంది.

మొదటి రోజు పెద్ద వార్తేమీ లేదు. ‘రేపు చిరుజల్లులు’ అన్నదే పైన పడింది. పేపరు నాలుగింటికి వచ్చింది. ఐదింటికల్లా కొట్లలో కొవ్వొత్తులు అయిపోయాయి. ఒకాయన పడవ దొరుకుతుందా అని ఆఫీసుకు ఫోను చేశాడు. ఆ ఊరికి నది లేదు. రెండో రోజు ‘లైబ్రరీకి కొత్త కుర్చీలు’ అని వేస్తే, పాత కుర్చీల వల్ల ఎంతమంది పోయారని వాకబు మొదలైంది. మూడో రోజు ‘తప్పిపోయిన పిల్లి దొరికింది’ చదివి సగం ఊరు తలుపులు గడియపెట్టుకుంది. రిటైరైన హెడ్మాస్టరొకాయన ఉత్తరం రాశాడు. నలభై ఏళ్లు తను పిల్లల మీద అరిచాడట, ఇప్పుడు పేపరు తన మీద అరుస్తోందట, చేసిన తప్పేమిటో చెబితే దిద్దుకుంటాడట.

నాలుగో రోజు ఎడిటరు కబురు పెట్టాడు. వెళ్లి వాదించవద్దని కూతురు నూరిపోసింది. అయితే అక్షరంలో లోపం లేదని బాబాయికి గట్టి నమ్మకం. ఎందుకంటే రోజూ ఆయన స్వయంగా పరీక్ష చేస్తున్నాడు. భార్య చేతికి పేపరిచ్చి గేటు దగ్గర నిలబెట్టి, తాను రోడ్డవతలికి వెళ్లి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఆవిడ దేనికో నిరసన తెలుపుతోందనుకుని పక్కింటావిడ మూడో రోజు మద్దతుగా వచ్చి పక్కన నిలబడింది.

ఎడిటరు గదిలోనూ ఆయన అదే చేశాడు. పేపరు ఎత్తి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడమని ఎడిటరునే కోరి, తాను వరండా చివరికి నడిచాడు.

“చూడండి, ఎంత ఠీవిగా ఉందో,” అన్నాడు అక్కణ్ణుంచే.

“పెయింటరుగారూ, మా పాఠకులు అంత దూరంలో నిలబడరండీ. ఒళ్లో పెట్టుకుని చదువుతారు.”

బాబాయి వెనక్కొచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని పేపరు ఒళ్లో పరుచుకున్నాడు. సన్నగీతలు సిరాలో కలిసిపోయాయి. లావుగీతలు, ఇరుకు బల్ల మీద కూర్చున్న పహిల్వాన్లలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

“ముప్పై ఏళ్లుగా మావాణ్ణి ఇంత చిన్నగా, ఇంత దగ్గరగా చూళ్లేదండీ,” అన్నాడు. “తీసెయ్యండి. ముసలివాళ్లు జడుసుకుంటారు.”

లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. పేపరు కొట్ల ముందు ఆ రోజు ముఖ్యవార్త రాసి వేలాడదీసే పెద్ద కాగితాలు ఎవరు చదువుతారని అడిగాడు. రోడ్డున పోయేవాళ్లు, బస్సులో వెళ్లేవాళ్లు అన్నాడు ఎడిటరు.

“వాళ్లెవరూ ఒళ్లో పెట్టుకోరు కదండీ.”

ఎడిటరు ఆయన వంకా కిటికీ వంకా మార్చిమార్చి చూసి, కూర్చోమన్నాడు.

మర్నాటి నుంచి ఊళ్లోని పేపరు కొట్లన్నిటి ముందూ ఆ అక్షరమే వేలాడింది. బస్సులు నిదానించేవి. ఒక్క సంగతి మిగిలింది. కంప్యూటర్లో ఫాంటుకు పేరుండాలి. ఆ సాయంత్రం బాబాయి గొంతు సవరించుకుని, భార్య పేరు పెట్టాలని ఉందన్నాడు.

“లావుగా ఉందనా?” అంది ఆవిడ.

ఆయన చెవి మీది బ్రష్షు సర్దుకున్నాడు.

“మీ అమ్మగారి పేరు పెట్టండి. ఆవిడ మిమ్మల్ని పిలిస్తే మూడో వీధిలో వాళ్లు పలికేవాళ్లు.”

కూతురు నవ్వాపుకుంటూ నాయనమ్మ పేరు టైపు చేసింది. ఎంత చిన్నగా కొట్టినా తెర నిండా ఆవిడే కూర్చుంది.