దొరసాని చేతులు

కాదు, నేను తగ్గను. అత్త సంవత్సరీకానికి దండేసి, మావయ్య వేసిన ఆమె బొమ్మని బావ అందరి ఫోన్లకీ పంపాడు. బంధువులందరూ ఒకటే మెచ్చుకోలు, చేతులు ఎంత నాజూగ్గా వేశాడో మావయ్య అని. 'అవి అత్త చేతులు కావు' అని అందరికీ మెసేజ్ కొట్టాను. పోయిన మనిషి విషయంలో గొడవేంటని అమ్మ ఫోన్ చేసి మరీ తిట్టింది.

పలాసలో అత్త జీడిపిక్కలు కొట్టేది. పెంకులోని రసం తగిలి వేళ్లన్నీ నల్లగా, బొబ్బలెక్కి ఉండేవి. బూడిదతో ఎంత రుద్దినా ఆ నలుపు పోయేది కాదు. మావయ్య లారీల వెనక నెమళ్లు వేసేవాడు, కోళ్లలా ఉండేవి. ఆయనకి ఎక్కడో ఒక పాత ఇంగ్లీషు నవల దొరికింది. అట్ట మీద తెల్లటి దొరసాని. అందులో, విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఒక చిత్రకారుడు పేదపిల్లని చలికాలమంతా కిటికీ దగ్గర నిలబెట్టి బొమ్మ వేస్తుంటాడు. పిల్లకి దగ్గు ముదురుతున్నా వదలడు. సాయంత్రాలు మావయ్య ఆ కథ తెలుగులో చెప్తుంటే, అరుగు మీద జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్ల చేతులు ఆగిపోయేవి. సరిగ్గా ఆ పిల్ల కళ్లు తిరిగి పడిపోయే చోట పుస్తకం మూసేసేవాడు. మూసి, పగలంతా పిక్కలు కొట్టొచ్చిన అత్తని కుర్చీలో కూర్చోబెట్టి తన బొమ్మ మొదలెట్టేవాడు. నడుం వాల్చనిచ్చేవాడు కాదు. చేతులు మాత్రం చెంగు కింద దాచుకోమనేవాడు.

ఒక వేసవికి విశాఖ నుంచి వెళ్లిన నన్ను అత్త పెరట్లోకి పిలిచి, కొంగులోంచి ఆ పుస్తకం తీసింది.

"అమ్మీ, ఆఖరు పేజీ సదివి సెప్పు. ఆ పిల్ల బతుకుతాదా?"

చదివాను. పిల్ల చచ్చిపోయింది. బొమ్మకి గొప్ప పేరొచ్చింది. పిల్ల పేరు ఎవరూ అడగలేదు. అత్త పుస్తకం మళ్లీ కొంగులో దాచుకుంది. ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇయ్యి ఎయ్యి. లేపోతే కుర్సీలోంచి లేసిపోతాను."

"నీ సేతులెవుడు సూత్తాడే," అని నవ్వి, సరేనన్నాడు మావయ్య. తీరా పూర్తయ్యాక చూస్తే, పుస్తకం అట్ట మీది దొరసాని చేతులే అత్తకి దించేశాడు. అత్త బొమ్మని గోడవైపు తిప్పేసింది. బతికున్నన్నాళ్లూ అలాగే ఉంచింది.

ఇప్పుడు దాన్నే ఇటు తిప్పి దండేశారు. ఇంకొన్నేళ్లు పోతే అత్త చేతులు చూసినవాళ్లే ఉండరు, ఆ బొమ్మే నిజమైపోతుంది. అందుకే చెప్పాను. నాది తప్పని నా మొహం మీద అనగలరా, మీలో ఎవరైనా?