లింకన్‌కు రెండు జవాబులు

బండల పాలిషింగ్ యూనిట్లలో రంపాలు మొదలయ్యేలోపు జ్యోతిరాణి తన క్లాసు ముగించాలి. మొదలయ్యాక ఆ వీధిలో ఎదుటి మనిషి మాటే వినబడదు, ఇక అమెరికాలో ఉన్నవాళ్లకేం వినబడుతుంది? అందుకే పొద్దున్నే ముఖం కడుక్కుని, ఫోనును కిటికీ ఊచలకు ఆనించి, స్పీకరు పెట్టి కూర్చుంటుంది. వెనుక గడప దగ్గర తల్లి మొగులమ్మ చాటలో కందులు పోసుకుని రాళ్లు ఏరుతుంటుంది.

జ్యోతిరాణి తాండూరులోనే ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు సోషల్ చెప్పింది. పిల్లలు తగ్గినప్పుడు యాజమాన్యం లెక్కలు, సైన్సు టీచర్లను ఉంచుకుని సోషల్‌ను తెలుగు సారుకు అప్పజెప్పింది. "సోషల్ ఎవలన్న చెప్తరు మేడం" అన్నాడు కరస్పాండెంటు, నొప్పించాలని కాదు. సర్కారు టీచరు పరీక్షలు కూడా రాసి చూసింది. ఇప్పుడు ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

తర్వాత వికారాబాదులో ఈశ్వర్ నడిపే ఆన్‌లైన్ కోచింగులో చేరింది. ఏళ్ల తరబడి అమెరికాలో ఉండి అక్కడి పౌరసత్వం తీసుకోబోయే తెలుగు పెద్దవాళ్లకు, ఆ దేశపు చరిత్ర మీద, రాజ్యాంగం మీద అడిగే ప్రశ్నలు నేర్పడం పని. వయసు మీరి, అక్కడ చాలాకాలంగా ఉంటున్నవాళ్లు దుబాసీని పెట్టుకుని సొంత భాషలోనే జవాబు చెప్పవచ్చు. వికారాబాదు వైపు వాళ్లు వస్తే ఈశ్వర్ ఆమెకే ఇస్తాడు. మన దిక్కు మాట వింటే పెద్దోళ్లకు పానం నిమ్మళమైతది అంటాడు.

బట్టీ పట్టించడం ఆమెకు చేతకాదు. ప్రతి జవాబునూ వాళ్లు కళ్లతో చూసినదానికి కట్టి చెబుతుంది. ఆమెకున్న పద్ధతి అదొక్కటే.

సులోచనమ్మది దోమ దగ్గరి పల్లె. న్యూజెర్సీలో భర్తతో కలిసి దుకాణం నడిపి, ఇప్పుడు మానేసింది. మొదటి రోజే అడిగింది. "తాండూరంటే మనోళ్లే. ఎవరోళ్లు బిడ్డా మీరు?"

"తాండూరోళ్లమే అమ్మా" అని జ్యోతిరాణి పాఠంలోకి వెళ్లిపోయింది. కులం ఆరా తీసే ఆ ప్రశ్నకు చిన్నప్పటి నుంచి ఆమె చెబుతున్న జవాబు అదే.

పాఠాలు బాగానే సాగాయి. ప్రభుత్వంలోని మూడు విభాగాలు ఎంతకీ గుర్తుండకపోతే, ఊరి ముచ్చట తీసింది.

"ఎనకట పన్ను వసూలు చేసెతందుకు మాలీ పటేలు, తగాదలకు పోలీసు పటేలు, లెక్క రాసెతందుకు పట్వారీ, ఎవలది వాళ్లకే ఉండె గదమ్మా. అమెరికల గూడ గట్లనే ముగ్గురు."

"ఎవలది వాళ్లకెక్కడిది? పటేల్గిరీలు రెండు మా తాతయే. పట్వారేమో తాత చెప్పింది రాసెటోడు." సులోచనమ్మ పడిపడి నవ్వింది.

"గందుకేనమ్మా, గీళ్లు వేరువేరు పెట్టుకున్నరు."

"ఓ యమ్మ! నువ్వు గట్టిదానివే." ఆ జవాబు మళ్లీ మరిచిపోలేదు.

ఇంటర్వ్యూ వారంలోకి వచ్చేసరికి సులోచనమ్మ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతూ వచ్చింది. అబ్రహాం లింకన్ చేసిన ఒక ముఖ్యమైన పని చెప్పాలి. జ్యోతిరాణి నేర్పిన జవాబు, బానిసలను విడిపించాడు.

"బానిసలంటే ఎట్లనే? సీన్మల సూపిచ్చినట్టు గొలుసులేసి గుంజుకపోవుడా?"

"గొలుసే ఉండాల్నని లేదమ్మా. మీ అసొంటి పెద్దిండ్లల్ల జీతగాండ్లు ఉండెటోళ్లు గద. అయ్య సచ్చిపోతే కొడుకు గా దొడ్లెకే వస్తుండె. పోతనంటే పోనిస్తుండెనా? గట్ల."



"మా ఇంట్ల జీతగాండ్లు ఇంటి మనుషుల లెక్కనే ఉండిరి" అంది సులోచనమ్మ. "పండుగొస్తే మా అమ్మ కొత్తబట్టలు పెట్టేది. గాళ్లు బానిసలా? ఏం మాటలివి?"

ఫోను కట్టయింది.

మధ్యాహ్నం ఈశ్వర్ ఫోన్ చేశాడు. "ఏం మేడం, గా పెద్దమ్మనేమన్నవ్? మస్తు పరేషాన్ల ఉన్నది. టీచర్ను మార్చుమంటున్నది."

"ఉదాహరణ చెప్పిన సార్."

"దునియల ఇంకోటి దొరకలేదా? లింకన్‌కు రెండో జవాబు ఉన్నది గద, దేశం విడిపోకుండ కాపాడిండని. గది చెప్పియ్. రెండిట్ల ఏది చెప్పినా పాసే. రేపు జర సారీ చెప్పు. ఆమె ఎనుక చేరెతందుకు చుట్టాలు చానమంది ఉన్నరు. నువ్వు చెప్పకుంటే ఇంకొకరిని చూసుకోవాల్సొస్తది. ఏమనుకోకు."

రెండో జవాబు తప్పయితే జ్యోతిరాణి వాదించేది. అది తప్పు కాదు. ఆమె ఆలోచన ఎటు పోయినా తిరిగి అక్కడికే వచ్చి ఆగిపోతోంది. అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచింది.

మొగులమ్మ అంతా వింది. ఆమెకు చెవులు బాగానే పనిచేస్తాయి. చిన్నప్పుడు దోమ పక్కనున్న కుల్కచర్ల వైపు ఒక పెద్దింట్లో, మంచాన పడ్డ తండ్రికి బదులుగా లేగదూడలు కాసింది. ఆ సంగతి కూతురికి చెప్పింది ఒక్కసారే, అది కూడా ఇంకేదో మాటల మధ్య.

"చెప్పరాదు బిడ్డా, ఒక్క మాటనే గద."

"తప్పు జేస్తే చెప్తనే అమ్మా."

"తప్పు జేసినోళ్లే చెప్తరా? మేమెన్ని చెప్పలే?" అంది మొగులమ్మ. "మాకైతే ఏ లింకనూ రాలే. ఇయ్యాల ఆయన కోసమని నీ నౌకరి పోగొట్టుకుంటవా?"

జ్యోతిరాణికి నవ్వొచ్చింది. తర్వాత ఇంకా నీరసమనిపించింది. ఈ నెల గడిచాక ఇంకెక్కడికి వెళ్లి పని అడగాలో ఆమెకు నిజంగానే తెలియదు.

మర్నాడు సులోచనమ్మ చెప్పిన వేళకే ఫోనులోకి వచ్చింది. వెనుక గిన్నెల చప్పుడవుతోంది.

"అమ్మా, నిన్న నేనన్న మాటకు..."

"పోనీ తియ్యి బిడ్డా. తెల్వకంటివి. చిన్నదానివి, గవన్ని నువ్వేడ సూసినవ్?"

అక్కడితో ఊరుకుంటే పని గడిచిపోయేది. ఊరుకుందామనే అనుకుంది. గడప దగ్గర కందులు ఏరే చప్పుడు ఆగిపోవడం ఆమెకు తెలిసింది.

"తెలిసే అన్ననమ్మా. మా అమ్మ చిన్నగున్నప్పుడు ఒక పెద్దింట్ల జీతమున్నది. మీకు నొప్పయింది గద, గందుకు సారీ. గని తెల్వక అన్లే."

గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"మీ అమ్మ ఉన్నదా?"

"ఉన్నది. గీన్నే కూసున్నది."

"ఎవరింట్ల ఉండె?"

జ్యోతిరాణి వెనక్కి తిరిగి చూసింది. మొగులమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"చెప్పొద్దంటున్నదమ్మా."

ఫోను పెట్టేసిందేమోనని జ్యోతిరాణి ఒకసారి తెర వైపు చూసింది. పెట్టలేదు.

"సరే, అడుగు మరి" అంది సులోచనమ్మ చివరికి. గొంతులో మునుపటి చనువు లేదు. "ఇంటర్వ్యూ ఎల్లుండే."

జ్యోతిరాణి అడుగుతూ పోయింది. రాజధాని ఏది, జెండా మీద పదమూడు చారలెందుకు, ఓటు వేసే వయసెంత. సులోచనమ్మ చకచకా చెబుతోంది. లింకన్ ప్రశ్నను దాటేసి పోవచ్చు. జ్యోతిరాణి దాటేయలేదు.

"దేశం రెండు తున్కలు గాకుండ కాపాడిండు" అంది సులోచనమ్మ తడుముకోకుండా. ఈశ్వరే నేర్పి ఉంటాడు.

"కరెక్టేనమ్మా" అంది జ్యోతిరాణి. "దానికింకో జవాబు గూడ ఉన్నది. యాదికున్నదా?"

"యాదికున్నది" అంది సులోచనమ్మ. "ఇంటర్వ్యూల మాత్రం చెప్ప. గని యాదికున్నది."

జ్యోతిరాణి తర్వాతి ప్రశ్న అడిగింది.