ఎర్త్ గుంతకు చెంబెడు నీళ్లు

ఆ కబురు మాకు మొదట తెచ్చింది, మేము ఖాలా (పిన్నమ్మ) అని పిలుచుకునే పక్కింటామె. ఆమె ఇంట్లోనే మిషను కుట్టేది. ఆమె తమ్ముడు రాయచూరు నుంచి కరెంటు ప్లాంటుకు ఉద్యోగుల బస్సు నడిపేవాడు. ఒకరోజు సగం కుట్టిన జాకెట్టు చేతిలో పట్టుకునే మా గడపలోకి వచ్చింది.

"బేటీ, మీ ఆయనకు చెప్పు. ప్లాంటుల మిషన్ల కార్డులు ఖరాబైతే బాగుచేసెటోళ్లు కావాల్నంట. ఎన్నాళ్లని ఆ పాత రేడియోలు ముందట ఏసుకొని కూసుంటడు?"

మా ఆయనది రేడియోలు, టీవీలు బాగుచేసే పని. గిరాకీ పడిపోయి, ఊరు విడిచి పుణెకు పోదామా అని ఆలోచిస్తున్న రోజులవి. దేవుడే ఖాలా నోట పలికించాడనుకున్నాను. ప్లాంటు వాళ్లు మొదటి విడత కార్డులు, అంటే మిషన్ల లోపల ఉండే చిప్పులు అతికించిన పలకలు, ఇచ్చారు. మా ముందుగదిలోనే బల్ల వేసుకున్నాం. నేను బడి మెట్లెక్కలేదు, మా అమ్మ ఇంట్లో నేర్పిన చదువే. అయినా కార్డుల మీది సన్నటి అక్షరాలు చదివి ఆయనకు చెప్పేదాన్ని, దుమ్ము దులిపేదాన్ని.

బాగైన కార్డును అత్తమ్మ చేతికిచ్చేవాళ్లం. ఆమె పూజగదిలోంచి పాత పట్టుగుడ్డ తెచ్చి, కార్డును మెత్తగా తుడిచి, అందులోనే చుట్టి దేవుడి ముందు పెట్టేది. మా ఇంట్లో భాగవతాన్ని కూడా పట్టుగుడ్డలోనే చుడతారు. అన్నం పెట్టే వస్తువుకు అంతకన్నా మర్యాద ఏముంటుంది?

మా బల్ల మీద చక్కగా పనిచేసిన కార్డులు ప్లాంటుకు పోయేసరికి పనిచేయలేదు. దాదాపు అన్నీ తిరిగి వచ్చాయి. రెండో విడత కూడా ఇట్లాగే అయితే పని హైదరాబాదుకు పోతుందన్నారు. మా ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కలుపుతూ ఉండిపోయేవారు.

అప్పుడు ప్లాంటు ల్యాబు నుంచి ఒక కన్నడ సారు, మేము పని ఎట్లా చేస్తున్నామో చూస్తానని మా ఇంటికే వచ్చారు. అంతా చూశారు. అత్తమ్మ కార్డు అందుకుని పట్టుగుడ్డ విప్పగానే, "అమ్మా, ఒక్క నిమిషం" అన్నారు. ఆ గుడ్డతో మా ఆయన ప్లాస్టిక్ స్కేలును గట్టిగా రుద్ది, ఒత్తుల కోసం ఉంచిన దూదిపింజల దగ్గర పెట్టారు. పింజలు ఎగిరి స్కేలుకు అంటుకున్నాయి.

"దేవుని బట్టకు పానమొచ్చిందా ఏంది నాయనా?" అంది అత్తమ్మ.

"ప్రాణం కాదమ్మా, కరెంటు. చలికాలంల నైలాన్ చీర విప్పితే చిటపటమంటది చూడండి, అదే. మనకు చురుక్కుమంటే పెద్దది. ఈ గుడ్డతో తుడిస్తే మనకు తెలియనంత చిన్నది పుట్టినా చాలు, ఈ చిప్పు చచ్చిపోతది. ఈ ఊరి పొడిగాలికి ఇంకా ఎక్కువ. మీరు బేజారు చేసుకోవద్దు."

ఆ గుడ్డ అత్తమ్మ భక్తి. ఏమనుకుంటుందో! అత్తమ్మ గుడ్డను మడతపెట్టి తీసుకెళ్లి భాగవతం మీద కప్పి వచ్చింది.

"దేవుడు తట్టుకుంటడు. పాపం, వీటికి తట్టుకునే శక్తి లేదు" అంది.

సారు బల్ల మీద పరిచే రబ్బరు చాప, వైరున్న చేతిపట్టీలు, పట్టుగుడ్డకు బదులు కార్డులు పెట్టేందుకు నల్లటి సంచులు పంపించారు. పట్టీ వైరు ఎర్త్‌కు కలిపి ఉండాలి, ఒంట్లోని కరెంటు మెల్లగా భూమిలోకి దిగిపోవాలి. నేను గాజులు పైకి జరిపి పట్టీ కట్టుకుంటే ఖాలా నవ్వింది. "అరె, మొగుడు పెండ్లాలిద్దర్నీ కట్టేసిండ్రు! ఇగ కొట్లాడి ఎటు పోతరు?"

తీరా చూస్తే మా ఇంటి ఎర్తే సరిగా లేదు. రాతి నేల, ఎండిన గుంత. పెరట్లో కొత్తగా లోతుగా తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించాం. గుంత ఎండకుండా రోజూ నీళ్లు పోయాలన్నారు సారు.

"అది నాకిడువుండ్రి" అంది అత్తమ్మ.

మర్నాటి నుంచి పొద్దున్నే తులసికి నీళ్లు పోసి, అదే చెంబు మళ్లీ నింపుకుని గుంత దగ్గరికి నడిచేది. ఎండాకాలం బోరు అడుగంటినప్పుడు తాను ఒంటికి పోసుకునే నీళ్లు తగ్గించుకుంది గాని గుంతను ఎండనివ్వలేదు.

రెండో విడత పంపాక మేము మాటలు కూడా తక్కువే మాట్లాడుకున్నాం. చివరికి ఖాలా వీధిలోంచే కేకేసింది. "ఒక్కటి గూడ వాపస్ రాలేదంట! ఇంకో పెట్టె పంపుతున్నరంట! చాయ్ పెట్టు బేటీ!" మా ఆయన వినగానే లేవబోయి, చేతికి పట్టీ ఉందని మళ్లీ కూర్చున్నారు. అత్తమ్మ చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

పుణె మాట మళ్లీ రాలేదు. ఆ బల్ల మీదే మా బతుకు నిలబడింది. ఇప్పుడు ఆ చెంబు నా చేతికొచ్చింది. మీ పెరట్లో కూడా ఎర్త్ గుంత ఉంటే, ఎండల్లో దానికి చెంబెడు నీళ్లు పోయండి. పోసేటప్పుడు మా అత్తమ్మను ఒక్కసారి తలుచుకోండి.