సగం గీసిన గడ్డం

శుక్రవారం పొద్దున చెంపకు పటిక రాసుకున్నప్పుడల్లా, ఆ చురుక్కుమనే మంటతో పాటు నాకు ఖాదర్ భాయ్ గుర్తొస్తాడు. నిజామాబాద్ మనిషి. గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్‌లోని మా లేబర్ క్యాంప్ కటింగ్ షాపు ఆయనదే. నేనప్పుడు లుసైల్‌లో పరంజాలు కట్టేవాణ్ణి. ఎత్తుకు ఎక్కితే కాళ్ళు వణికేవి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే సేఫ్టీ కోర్సు పూర్తి చేస్తే కింద సేఫ్టీ పనిలోకి తీసుకుంటామని కంపెనీ చెప్పింది. రెండుసార్లు చేరాను, రెండుసార్లూ మూడో పాఠం దగ్గర మానేశాను. చేరడానికి ఒక వేలు చాలు, మానెయ్యడానికి అదీ అక్కర్లేదు. ఆ సంగతి ఒక శుక్రవారం గడ్డం గీయించుకుంటూ నోరు జారి చెప్పేశాను.

“ఎందుకు ఇడ్సిపెట్టినవ్ తమ్మీ?”

“ఇంగ్లీషు భాయ్. మల్ల డ్యూటీ. నెట్ గూడ సక్కగ రాదు.”

“రీల్స్‌కు వస్తదా నెట్?”

ఆయన కత్తి పక్కన పెట్టి నా మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పేశాడు. ఎడమ చెంప నున్నగా ఉంది, కుడి చెంప నిండా నురగ. “యల్లా, లే. నాక్కూడ ఇంగ్లీషు రాదు, డ్యూటీ ఉన్నది. నేను గూడ గీడికే ఇడ్సిపెడ్త” అన్నాడు.

బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ ముఖంతో మెస్‌కు ఎలా పోను? ఏం కావాలని అడిగాను.

“రెండో పాఠంల ఏమున్నదో జెప్పు. మిగిలింది గీస్త.”

నడుము బెల్టు కొక్కెం ఎక్కడ తగిలించాలో చెప్పాను. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం కుడి చెంపకు ఒక పాఠం. బెంచీ వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు తెలియక, సిగ్గుతో మళ్ళీ వీడియో పెట్టుకునేవాణ్ణి. ఇంగ్లీషు అలాగే ఉంది, డ్యూటీ అలాగే ఉంది. కాకపోతే నా పాఠం కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. అంతకుముందు లేనిది అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

పరీక్ష పాసై ఫోన్‌లో సర్టిఫికెట్ చూపిస్తే, ఖాదర్ భాయ్ తడి చేతులు తుడుచుకుని నా పేరు కూడబలుక్కుంటూ చదివాడు. మురిసిపోయాడు. అంతలోనే ముఖం వాడింది.

“మరి వచ్చే శుక్రవారం ఏం జెప్తవ్?”

ఆ కుర్చీలోంచి లేవకుండానే ఫస్ట్ ఎయిడ్ కోర్సులో చేరాను.

ఇప్పుడు నేను నేల మీద నిలబడి, పైనున్నవాళ్ళను బెల్టు తగిలించుకొమ్మని కేకలేసే ఉద్యోగంలో ఉన్నాను. ఖాదర్ భాయ్ నిజామాబాద్ వెళ్ళిపోయి అక్కడే షాపు పెట్టుకున్నాడు. నా ఐదో కోర్సు నడుస్తోంది. గడ్డం నేనే గీసుకుంటాను. శుక్రవారం ఎడమ చెంప పూర్తయ్యేసరికి ఫోన్ మోగుతుంది. వీడియోలో ఆయనా, వెనక బెంచీ నిండా జనం.

“ఆగు తమ్మీ, కుడి దిక్కు ముట్టకు. ముందు పాఠం జెప్పు.”